మొండితనమును స్థిరత్వమును

(ధ్యాన భాగములు: 1 రాజులు 21, యెషయా 50, అపొ. కార్యములు 15)



మన పల్లెలలో పిల్లవాడు అలిగి, అన్నము తిననని గోడవైపు తిరిగి పండుకొన్నయెడల తల్లి "వీడు ఒట్టి మొండివాడు" అనును. వాడే పెద్దవాడై, పదిమంది వద్దన్నను చదువు విడువక టీచరు ఉద్యోగము సంపాదించినయెడల ఆ తల్లియే "నా కొడుకు పట్టుదల గలవాడు" అని వీధిలో చెప్పుకొనును. మారినది పిల్లవాడా, మాటయా? మన తెలంగాణములో దీనికి ఉర్దూనుండి వచ్చిన మరియొక మాట కూడ కలదు: జిద్దు. జిద్దు మంచిదా చెడ్డదా అని ఎవరినైనను అడిగిచూడుడి. ఎవరి జిద్దు అని ఎదురు ప్రశ్న వేయుదురు. మనదైతే పట్టుదల, ఎదుటివానిదైతే మొండితనము. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడు కూడ తన్ను మొండివాడనుకొనలేదు. సత్యము కొరకు ఒంటరిగా నిలిచియున్నాననియే అనుకొనియుండును.

ఇది మాటల తేడా మాత్రమే యైనయెడల దీనికై ఈ పత్రికలో పుటలు నింపనక్కర లేదు. కాని మన సంఘములను చూడుడి. మందిరపు స్థలము విషయమై గాని, పెద్దల యెన్నిక విషయమై గాని, పాస్టరుగారి బదిలీ విషయమై గాని తగవు పుట్టును. మొదటి నెల మాటలు, రెండవ నెల కాగితములు, మూడవ నెల కోర్టు. చివరకు ఒకే తలుపునకు రెండు తాళములు వ్రేలాడును. వీరి తాళమును వారు తీయలేరు, వారి తాళమును వీరు తీయలేరు; ఆదివారము ఉదయమున పిల్లలు వాకిట చింతచెట్టు క్రింద నిలుచుందురు. ఆ వారము ఇరువర్గముల యిండ్లలో జరుగు ప్రార్థనలకు వెళ్ళి వినుడి. ఈ యింట సింహముల గుహలోని దానియేలును గూర్చి చదువుచుందురు. ఆ యింట అగ్నిగుండములోని ముగ్గురు యౌవనులను గూర్చి చదువుచుందురు. ఇరువురును తామే అగ్నిలో నిలిచియున్నామని అనుకొందురు. నెబుకద్నెజరు మాత్రము ఎల్లప్పుడును ఎదుటి యింటనే కాపురముండును!

కనుక, లోపలినుండి చూచినప్పుడు మొండితనమును స్థిరత్వమును ఒక్కటిగానే కనబడుచున్నవి. మరి దేనినిబట్టి తెలిసికొందుము?

రాజులు మొదటి గ్రంథము 21వ అధ్యాయములో ఒక తోట విషయమై ఇద్దరు మనుష్యులు ఎదురుపడుదురు. ఇద్దరును పట్టు విడువరు. అహాబు అడిగిన తీరు వినుటకు అన్యాయముగా లేదు. నీ ద్రాక్షతోట నా నగరు ప్రక్కన ఉన్నది, దానిని కూరతోట చేసికొందును, దానికంటె మంచి తోటనైనను ఇత్తును, లేదా వెల యిత్తునని అడిగెను. ఈ దినములలో రోడ్డు ప్రక్క ప్లాట్లకై తిరుగువారు ఇంత మర్యాదగా అడుగుట నేను చూడలేదు.

నాబోతు ఏల ఒప్పుకొనలేదు? ఆ అధ్యాయమంతటిలో అతని నోట వచ్చినది ఒక్క మాటయే: పితరులనుండి వచ్చిన స్వాస్థ్యమును ఇచ్చుట దేవుని యెదుట తనకు తగదని చెప్పెను. సరిగా వినుడి, ఆ తోట నాది అని అతడు వాదింపలేదు. ఒక విధముగా అది తనది కాదనియే చెప్పెను. లేవీయకాండము 25వ అధ్యాయము ప్రకారము భూమి దేవునిది, జనులు ఆయన యొద్ద కాపురమున్నవారు, శాశ్వతముగా అమ్ముకొనుటకు వారికి అధికారము లేదు. తాతలనుండి వచ్చి మనుమలకు పోవలసినదానిని నాబోతు నడుమ కొంతకాలము పట్టుకొనియున్నాడు. అప్పగింపబడినదానిని రాజు అడిగినను ఇచ్చివేయలేడు. అతని "కాదు" అనుమాటకు అదియే వేరు.

అహాబు ఏమి చేసెను? ఇంటికి వచ్చి, మంచముమీద పండుకొని, ముఖము త్రిప్పుకొని, భోజనము మానెను. ఇశ్రాయేలును ఏలు రాజు, రథములు గలవాడు, దంతపు నగరు కట్టించినవాడు, ఒక కూరతోట కొరకు చిన్నపిల్లవానివలె అలిగెను. అతని యింట కూరలకు కొదువయా? కాదు. కాదను మాట వినుట అతనికి అలవాటు లేదు. తోట తోటగా అక్కర లేకపోయెను, తన మాట నెగ్గినదనుటకు గురుతుగా కావలసెను. మొండితనమును కనుగొనుటకు ఆ మంచము మంచి ఆనవాలు. మన "కాదు" చెల్లనప్పుడు మనకు ఏమగును? దుఃఖము కలుగవచ్చును, అది వేరు. అన్నము సహింపక, ఎదుటివాని ముఖము చూడజాలక, గోడవైపు తిరుగుదుమా? అట్లయిన మనము కాపాడుచుండినది తోటను కాదు.

ఇక్కడ మరియొకటి గమనింపవలెను. నాబోతును చంపించినది అహాబు చేతులారా చేసిన పని కాదు. అతడు పండుకొనియే యుండెను. యెజెబెలు అతని పేరట తాకీదులు వ్రాసి, అతని ముద్ర వేసి, అబద్ధ సాక్షులను నిలువబెట్టించెను. మొండితనము తాను స్వయముగా నేరము చేయకపోవచ్చును. అది మంచముమీద ఉండగా దాని పేరట ముద్ర వేయువారు దొరకుదురు. సంఘ తగవులలోను ఇంతే. పెద్దమనిషి అలిగి యింట కూర్చుండును. దొంగ సంతకములు పెట్టువారు, రాత్రివేళ తాళము పగులగొట్టువారు వేరుగా నుందురు. "నేనేమియు చేయలేదు" అని ఆయన సత్యమే చెప్పును.

నాబోతు గెలువలేదు. ఊరి వెలుపల రాళ్ళతో కొట్టబడి చనిపోయెను. ఇది మనము తరచుగా దాటిపోవు సంగతి. లోకము మనిషి పట్టును ఫలితమునుబట్టి తూచును. నెగ్గినవాడు ధీరుడు, ఓడినవాడు మూర్ఖుడు. "మొండివాడు రాజుకన్న బలవంతుడు" అను సామెతకూడ బలమునే చూచును. నాబోతు కథ ఆ త్రాసును విరుగగొట్టుచున్నది. అతడు రాజుకంటె బలవంతుడు కాడు, అయినను అతని మాట సరియైనది.

మన ప్రాంతములో ఈ కథ చదువునప్పుడు ఒక స్త్రీ జ్ఞాపకము రాక మానదు. ఆమె చిట్యాల ఐలమ్మ, చాకలి ఐలమ్మ అని లోకమెరిగిన మనిషి. ఆమె మన సంఘస్థురాలు కాదు. కాని ఆమె ఊరు పాలకుర్తి, జనగామ తాలూకాలోనిది. ఆ తాలూకా ఆ కాలమున నల్లగొండ జిల్లాలో ఉండెను. చాకలివారు దొరల గడీకి కూలి లేకుండ వెట్టిచేయవలసిన దినములలో ఆమె భూమి కౌలుకు పట్టి సొంతముగా సేద్యము చేసెను. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి ఆ భూమిని, ఆ పంటను తన వశము చేసికొనజూచెను. పంట కోసికొని పోవుటకు మనుష్యులను పంపెను. ఆంధ్ర మహాసభ సంఘమువారు తోడు నిలువగా ఆ పంట ఆమె యింటికే చేరెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు కూలిన పోరాటమునకు ముందు నడచిన సంగతులలో ఇది ముఖ్యమైనది. ఆ పోరాటము పట్టిన ఆయుధమార్గమును గూర్చి మనలో భిన్నాభిప్రాయములు కలవు. అది వేరొకప్పుడు మాటలాడుకొనవచ్చును. నేను చూచుచున్నది పొలము గట్టున నిలిచిన ఆమెను మాత్రమే. గడీవారి దృష్టిలో అది మొండితనముగాక మరేమి? ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చనిపోయెను. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. అయితే పేరు పెట్టబడినది గనుక ఆమె మాట సరియైనది కాలేదు. ఆ పంటను దేశముఖు మనుష్యులు కోసికొని పోయియున్నను, ఆమెను ఎవరును ఎరుగకపోయియున్నను, ఆమె మాట అంతే సరియైనదై యుండును.

ఇదే జిల్లాలో మరియొక రామచంద్రారెడ్డి ఉండెను. పేరొక్కటే, మనుష్యులు వేరు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే గారు పాదయాత్రలో పోచంపల్లికి వచ్చినప్పుడు అక్కడి దళితులు బ్రదుకుటకు 80 ఎకరముల భూమి కావలెనని అడిగిరి. ఈ భూమి ఇచ్చువారు మీ ఊరిలో ఎవరైనను కలరా అని వినోబా గారు అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరములు ఇత్తుననెను. భూదానోద్యమము అక్కడనే పుట్టెను. దానిలో వచ్చిన భూములన్నియు పేదలకు దక్కెనా అనునది పెద్ద ప్రశ్న, దాని జవాబు సంతోషకరము కాదు. కాని ఆ సాయంకాలమున జరిగినది జరిగినదే. అడిగినవారి మాట ఒక భూస్వామి చెవిలో పడెను, పిడికిలి విడెను.

ఒక జిల్లాలో, కొద్ది యేండ్ల యెడముగా, ఒక స్త్రీ విడువక పట్టుకొనుటవలన సరియైనది చేసెను. ఒక పురుషుడు పట్టు విడుచుటవలన సరియైనది చేసెను. గట్టిగా పట్టుకొనుటయే గుణమైతే పోచంపల్లిలో జరిగినది బలహీనత కావలెను. మెత్తగా ఉండుటయే గుణమైతే నాబోతు తన తోట ఇచ్చియుండవలసినది. రెండును కావు.

మనము రాళ్ళ నడుమ బ్రదుకువారము. నల్లగొండ, దేవరకొండ, రాచకొండ — మన ఊళ్ళ పేర్లలోనే కొండలున్నవి. గట్టిదనము మనకు క్రొత్త గాదు. అయితే ఊరి బయటి బండయు గట్టిదే, చెరువుకట్టయు గట్టిదే. బండమీద వాన పడి జారిపోవును. అది ఎవరి కొరకును ఏమియు నిలుపదు. కట్ట నీళ్ళను నిలుపును, క్రింది పొలముల కొరకు నిలుపును. నల్లగొండ ప్రక్కన పానగల్లు ఉదయసముద్రము వంటి పాత చెరువులను చూచినవారికి తెలియును: మన పెద్దలు కట్టకు తూము పెట్టిరి, మత్తడి కట్టిరి. మత్తడి లేని కట్ట ఎంత గట్టిదైనను ఒక పెద్దవానకు తెగును. తెగినప్పుడు తాను కాపాడిన పొలములనే ముందుగా ముంచును. మత్తడి కట్టకు అవమానము కాదు.

లేఖనములలో కూడ రెండు విధములైన గట్టిదనము కలదు. ఇశ్రాయేలీయులు లోబడనివారని చెప్పినచోట హెబ్రీ భాషలోని మాట మెడకు సంబంధించినది, మెడ గట్టిపడినవారని దాని అర్థము. మన రైతులకు దీనిని వివరింపనక్కర లేదు. కాడి ఎత్తగానే మెడ బిగబట్టి వెనుకకు లాగు కోడెను వారు దినదినము చూచుచున్నారు. యెషయా 50వ అధ్యాయములో వేరొక గట్టిదనము కనబడును. అక్కడ దేవుని సేవకుడు తన ముఖమును చెకుముకిరాయివలె చేసికొనెను. కొట్టువారికి వీపును, ఉమ్మివేయువారికి ముఖమును అప్పగించి, వెనుకకు తిరుగక నిలిచెను. లూకా 9వ అధ్యాయములో మన ప్రభువు యెరూషలేము వైపు ముఖము స్థిరపరచుకొన్నప్పుడు మనకు ఆ రాయియే జ్ఞాపకము వచ్చును. మెడ గట్టిపడినవాడు పోవలసిన త్రోవను పోనొల్లడు. ముఖము గట్టిపడినవాడు పోవలసిన త్రోవనుండి మరలనొల్లడు.

అయితే ఆ యెషయా భాగమును పైనుండి చదువవలెను. ముఖము రాయి కాకమునుపు చెవి తెరువబడెను. ఆ సేవకుడు ఉదయముదయమున శిష్యునివలె వినుచున్నాడు, వినిన పిమ్మటనే అతని ముఖము గట్టిపడినది. ఫరోకు ఈ వరుస తారుమారాయెను. వానికి మొదట గట్టిపడినది హృదయము, తరువాత పది తెగుళ్ళు వచ్చినను చెవి తెరువబడలేదు. కప్పలు వచ్చినప్పుడు విడుతుననెను, కప్పలు పోగానే విడువననెను. అతని "కాదు" అనుమాటకు కారణమే లేదు. నొప్పి తగ్గగానే తిరిగి మొలచుచుండెను.

కారణము గల "కాదు" ఎట్లుండునో మన మిషను చరిత్రలోనే ఒకటి కలదు. 1890లో అబ్రాహాము ఫ్రీసెన్ గారు రష్యాదేశమునుండి నల్లగొండకు వచ్చి పని ప్రారంభించినది తెలుగు బాప్టిస్టు మిషనుతో కలిసియే. ఆ మిషను వేళ్ళు నెల్లూరు, ఒంగోలులలో ఉన్నవి. నెల్లూరు పని 1862 నాటికి మూతబడునట్లుండెను. 1836లో శామ్యూలు డే గారు తెలుగువారియొద్దకు వచ్చినది మొదలు ఇరువదియారేండ్లకు విశ్వాసులు కొద్దిమందియే. అమెరికాలోని బోర్డు విసిగిపోయెను. సెలవుమీద అక్కడనున్న లైమన్ జ్యూయెట్ గారు మాత్రము, మీరు పంపకున్నను నేను తిరిగి వెళ్ళి తెలుగువారి మధ్యనే చనిపోదునని పట్టుబట్టెను. అట్లయిన ఆయనను పాతిపెట్టుటకైనను ఒకని తోడు పంపవలెనని బోర్డువారు అనుకొన్నట్లు చెప్పుదురు. 1864లో అట్లు తోడు బయలుదేరినవారే జాన్ క్లౌ గారు.

క్లౌ గారు 1866లో ఒంగోలు చేరెను. 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరువు వచ్చెను. ఆయన బకింగ్‌హాము కాలువ పనిలో 3½ మైళ్ళ భాగమును కంట్రాక్టుకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. పనిచేయువారికి బోధకులు సువార్త చెప్పిరి. అనేకులు బాప్తిస్మము అడిగిరి. ఆయన ఇయ్యననెను. కరువుకాలమంతయు ఆయన మాట అదియే. కూడు పెట్టు చేతినుండి బాప్తిస్మము కూడ ఇచ్చినయెడల, వీరు ప్రభువు కొరకు వచ్చిరో కూటి కొరకు వచ్చిరో వారికే తెలియకుండ పోవునని ఆయన భయము. ఎంత కష్టమైన మాటయో ఆలోచించుడి! ఏండ్లకొలది ఫలము లేదని బోర్డు విసిగిన మిషను అది. ఫలము వాకిట నిలిచి తలుపు తట్టుచుండగా వద్దనుట. అమెరికాకు వ్రాయుటకు అంతకంటె మంచి రిపోర్టు ఏమి కావలెను? సంఖ్యల కొరకు ఆశపడు కాలములలో ఈ మాటను మరల మరల చదువుకొనవలెను.

1878 జూన్ నాటికి సహాయపు డబ్బు అయిపోయెను. జనము గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికి వచ్చిరి. ఇక ఇచ్చుటకు నా యొద్ద ఏమియు లేదు, ఇండ్లకు పొండని ఆయన చెప్పెను. వారు పోలేదు, మేము డబ్బు అడుగుట లేదు, బాప్తిస్మము అడుగుచున్నామనిరి. అప్పుడు క్లౌ గారు పట్టు విడిచెను. ఆయన "కాదు"కు ఒక కారణముండెను, ఆ కారణము తీరిపోయెను. జూలై 2 మొదలు మూడు దినములలో 3,536 మంది, జూలై 3వ తేదీ ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి ఇచ్చినవారు తెలుగు బోధకులు. క్లౌ గారు తానై ఒకరికిని ఇయ్యలేదు. మొండివాడైయుండినయెడల, ఇన్ని నెలలు వద్దన్న నా మాట ఏమగునని మరికొన్ని నెలలు లాగియుండును. ఎందరము అట్లు లాగుచున్నాము! కారణము ఎప్పుడో పోయినది, "అప్పుడు అట్లంటిని గదా" అనునది మాత్రము మిగిలినది.

బాప్తిస్మము పొందినవారిలో ఎక్కువమంది మాదిగలు. వారి స్థిరత్వము ఇంకను గొప్పది. విగ్రహములకు మ్రొక్కమనిరి, చచ్చిన గొడ్డు మాంసము తినమనిరి, ఆదివారము పని చేయమనిరి. ఊరి జాతరలో డప్పు కొట్టమనిరి. ఊరి పెద్దలు పని ఆపిరి, బావి కట్టిరి, కొట్టిరి. ఇది వారి దృష్టిలో మొండితనమే. కాని ఆ బీదలు కాపాడినది తమ పరువు కాదు. పరువు వారికి లోకము మునుపెన్నడును ఇయ్యనే లేదు. క్రొత్తగా తమకు అప్పగింపబడినదానిని వారు కాపాడిరి.

ఇక ఒక మాట చెప్పక తప్పదు, కష్టముగా నున్నను. మన తాతలు డప్పు కొట్టమని నిలిచిరి. మనలో కొందరము మాల సంఘము, మాదిగ సంఘము అని విడిపోయి, ఒకరి బల్లయొద్ద ఒకరము కూర్చుండమని నిలుచుచున్నాము. పిల్లల పెండ్లి మాట వచ్చిననైతే చెప్పనే అక్కర లేదు. ఆ నిలుచుటయు గట్టిదే. వారి "కాదు"ను మనము స్వాస్థ్యముగా పొందితిమి. దానిలోనుండి కారణమును తీసివేసి, బిగువును మాత్రము ఉంచుకొంటిమి. సమూయేలు ప్రవక్త సౌలుతో మొండితనమును విగ్రహపూజతో సమానముగా చెప్పెను (1 సమూయేలు 15). ఇంటి గూటిలోనుండి బొమ్మలను తీసివేసిన వారము గనుక ఆ మాట మనకు తగలదని అనుకొందుము. గూడు ఖాళీగా లేదు.

పేతురు ఈ విషయమున మనకు అక్కరకు వచ్చును, ఏలయనగా అతడు రెండువైపుల తప్పిపోయెను. అతడు యొప్పేలో బస చేసినది ఎవరి యింట? చర్మకారుడైన సీమోను ఇంట. తోలు ఊనువాని యింట, సముద్రపు గాలికిని పోని ఆ వాసన నడుమ, మిద్దెమీద ప్రార్థన చేయుచుండగా దర్శనము కలిగెను. పేతురు వద్దనెను. అపవిత్రమైనదేదియు నేనెన్నడును తినలేదనెను. ముమ్మారు ఆ దర్శనము కలుగవలసి వచ్చెను. అది చిన్నతనమునుండి భక్తితో కాపాడిన నియమము. దానిని మొండితనమని నేననజాలను. కాని దేవుడే మాటలాడినప్పుడు అతని చెవి తెరువబడెను, అతడు మెట్లు దిగి కొర్నేలి యింటికి వెళ్ళెను. అదే పేతురు తరువాత అంతియొకయలో అన్యజనులతో భోజనము చేయుచు, యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి వెనుకకు తీసెను (గలతీయులకు 2). అక్కడ పౌలు అందరి యెదుట అతనిని నిలదీసెను. యొప్పేలో మెత్తబడవలసియుండెను, మెత్తబడెను. అంతియొకయలో గట్టిగా ఉండవలసియుండెను, జారిపోయెను. రెండు చోట్లను సంగతి ఒక్కటే — ఎవరితో కూర్చుండి తిందుము? పల్లెలో పుట్టిన మనకు ఇది పాలస్తీనా సంగతిగా తోచదు.

అట్లని పౌలు ఎప్పుడును సరిగా నిలిచెనని చెప్పుటకు నాకు ధైర్యము లేదు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము మొదటి భాగములో సంఘమంతయు కూడి, పెద్ద భేదమును తీర్చుకొనెను. అదే అధ్యాయము చివర పౌలును బర్నబాయును ఒక పడుచువాని విషయమై తీర్చుకొనలేకపోయిరి. మార్కు అను యోహాను మొదటి ప్రయాణములో పంఫూలియలో వారిని విడిచి వెళ్ళిపోయియుండెను. అతనిని మరల తోడుకొని పోవుదమని బర్నబా, వలదని పౌలు. బర్నబాకు అతడు దగ్గరి చుట్టము; పౌలుకు పని ముఖ్యము. ఇరువురికిని కారణములు కలవు, ఇరువురును దైవభక్తులు, ఇరువురును విడువలేదు. తీక్ష్ణమైన వాదము కలిగి వేరైపోయిరని లూకా దాచక వ్రాసెను. ఎవరిది స్థిరత్వమో, ఎవరిది మొండితనమో అతడు వ్రాయలేదు. బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు ఓడ ఎక్కెను. పౌలు సీలతో సిరియ మార్గమున పోయెను. ఒకరి తలుపునకు ఒకరు తాళము వేయలేదు, అదియొకటి.

ఏండ్లు గడచెను. పౌలు రోమాలో సంకెళ్ళలో నుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయము తెరచి చూడుడి. దేమా విడిచిపోయెను, తక్కినవారు తలయొక దిక్కునకు పోయిరి, లూకా మాత్రము ఉన్నాడు. చలికాలము రాకమునుపే రమ్మని అడుగుచున్నాడు. త్రోయలో విడిచివచ్చిన అంగీ తెమ్మనుచున్నాడు, పుస్తకములు, ముఖ్యముగా చర్మపు కాగితములు తెమ్మనుచున్నాడు. వాటికంటె ముందుగా ఒక మనుష్యుని తోడుకొని రమ్మని అడిగెను, అతడు తన పరిచర్యకు ఉపయోగపడునని వ్రాసెను. ఆ మనుష్యుడు మార్కు.